చెయిన్ సా పదును: ఏ ఆకురాయి పద్ధతి ఏ కొలతను కాపాడుతుంది?

మిషన్ నడుస్తున్నప్పుడు కింద రాలే పొట్టును గుప్పెట్లోకి తీసుకుని చూడండి. పదునున్న చెయిన్ పచ్చి సుబాబుల్ మొద్దులో దిగితే అటుకుల్లాంటి పేళ్లు రాలతాయి. మొద్దుబారిన చెయిన్ పిండి రాలుస్తుంది. ఎండిపోయిన చింత, తుమ్మ లాంటి కర్రలో పొట్టు ఎలాగూ కొంచెం సన్నగా వస్తుంది, అది వేరే సంగతి. పచ్చి కర్రలో కూడా పిండే రాలుతోందంటే, చెయిన్ తిరిగే పొడవాటి పలకను, అంటే బార్‌ను, చేత్తో నొక్కితే తప్ప దిగడం లేదంటే, ఆయిల్ సరిగ్గా పడుతున్నా కోతలోంచి పొగ వస్తోందంటే చెయిన్ పదును పోయినట్టే. అలాగే లాగిస్తే బార్ పట్టాలు అరుగుతాయి, క్లచ్ వేడెక్కుతుంది, పెట్రోలు తగలబడుతుంది, సాయంత్రానికి మనిషి నడుం పడిపోతుంది.

పదును పెట్టాలని అందరికీ తెలుసు. ఎలా పెట్టాలన్న దగ్గరే చిక్కు. ఒకరు చేత్తో గుండ్రటి ఆకురాయి పట్టడమే అసలు పని అంటారు. ఒకరు గైడ్ లేకుండా పట్టొద్దంటారు. ఒకరు చెయిన్ విప్పి షాపులో గ్రైండర్ మీద పెట్టిస్తారు. ముగ్గురూ బాగా కోసే చెయిన్ తయారు చేయగలరు, ముగ్గురూ పాడు చేయగలరు కూడా. పదును అంటే నాలుగు కొలతలు: పై రేకు (పన్ను పైభాగం) కోణం, పన్నులో ఆకురాయి కూర్చునే ఎత్తు, పళ్ళన్నీ ఒకే పొడవు ఉండడం, రేకర్ (పన్ను ముందుండే చిన్న మూపు) లోతు. మార్కెట్లో దొరికే ప్రతి పనిముట్టూ వీటిలో కొన్నిటిని తానే పట్టి ఉంచి, మిగతావి మీ చేతికి వదిలేస్తుంది. ఏది వదిలేస్తోందో తెలియకుండా వాడినప్పుడే తేడా కొడుతుంది.

పన్నును దగ్గరగా చూస్తే

చెయిన్‌ను కడిగి, ఒక్క పన్నును వెలుతురులో పెట్టి పక్క నుంచి చూడండి. ముందు ఒక చిన్న మూపు, దాని వెనక గుంట, ఆ వెనక గొడుగులా వంగిన రేకు కనిపిస్తాయి. ఆ మూపే రేకర్. పన్ను ఒక్కసారికి ఎంత లోతు కర్ర తీయాలో అది నిర్ణయిస్తుంది. వంగిన రేకులో పైన పడుకున్న భాగం పై రేకు, కిందికి దిగిన భాగం పక్క రేకు. పక్క రేకు కర్ర పీచును నిలువుగా తెంపుతుంది, పై రేకు చిత్రికలా దాని అడుగున దూరి పేడును లేపుతుంది. ఈ రెండూ కలిసే మూల దగ్గరే అసలు పనంతా జరుగుతుంది. మూల గుండ్రబడితే మిగతా అంచు ఎంత పదునుగా ఉన్నా కోత నడవదు.

రేకు పైన, పక్కన, బయటి వైపు మాత్రం క్రోమియం పూత ఉంటుంది. పల్చని పూతే గాని చాలా గట్టిది. లోపలి ఉక్కు దానికంటే మెత్తన. అందుకే ఆకురాయితో ఉక్కును పట్టగలం, కానీ నిలిచే అంచు ఆ పూతదే. ఆకురాయిని పన్ను లోపలి నుంచి బయటికే తోయాలనే నియమం ఇక్కణ్ణించే వచ్చింది. బయటి నుంచి లోపలికి తోస్తే పూత అంచు పెళుసుగా విరుగుతుంది, ఆకురాయి పళ్ళు కూడా పోతాయి.

ఈ గుండ్రటి గుంట వెనక ఒక చరిత్ర ఉంది. తొలినాళ్ల చెయిన్లకు చేతిరంపం లాంటి నిటారు పళ్ళుండేవి. అవి కర్రను గీరేవి. వాటికి పదును పెట్టడం పెద్ద విద్య, తొందరగా మొద్దుబారేవి కూడా. 1946లో అమెరికాలోని ఓరెగాన్‌లో చెట్లు కొట్టే పనిలో ఉన్న జోసెఫ్ కాక్స్ ఒక మోడును తొలుస్తున్న పురుగును గమనించాడు. ఆ లార్వా తన వంకర దవడలతో పీచు వెంబడీ, పీచుకు అడ్డంగానూ సునాయాసంగా తినుకుంటూ పోతోంది. ఆ దవడల ఆకారంతో ఆయన చేసిన పన్నే ఇవాళ మనం వాడే చెయిన్లకు మూలం. 1947లో ఆయన పెట్టిన కంపెనీయే తర్వాత ఓరెగాన్ పేరుతో ప్రపంచమంతా వ్యాపించింది. వంకర పన్ను వచ్చాకే మామూలు గుండ్రటి ఆకురాయితో అడవిలో కూర్చుని పదును పెట్టుకోవడం వీలైంది.

ఈ చిన్న అంచు మీద పడే పని ఎంతో ఒక లెక్క చూద్దాం. 18 అంగుళాల బార్ మీద .325 పిచ్ (రివెట్ల దూరాన్ని బట్టి అంగుళాల్లో చెప్పే చెయిన్ సైజు) చెయిన్ వేస్తే సాధారణంగా 72 డ్రైవ్ లింకులు (బార్ గాడిలో దిగి నడిచే లింకులు), 36 పళ్ళు ఉంటాయి. ఎడమవి 18, కుడివి 18. చెయిన్‌ను తిప్పే ఏడు పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్, నిమిషానికి 9000 చుట్లు తిరిగితే కర్రను సెకనుకు 500కు పైగా పళ్ళు తాకుతాయి. పళ్ళన్నిటిలోనూ ఒకే కొద్దిపాటి తప్పు ఉంటే అది సెకనుకు అన్నిసార్లు కర్రకు తగులుతుందన్నమాట.

ముందు సైజు, తర్వాతే పద్ధతి

ఎన్ని గైడ్లు కొన్నా ఆకురాయి మందం తప్పితే లాభం లేదు. అది చెయిన్ పిచ్‌ను బట్టి ఉంటుంది. పిచ్ తెలియకపోతే వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేయండి. మూడు రివెట్లకు 16.5 మి.మీ. వస్తే అది .325 పిచ్. 18.6 మి.మీ. వస్తే 3/8. స్టిల్ కంపెనీ చెయిన్లలో రేకర్ మీదే ఒక గుర్తు కొట్టి ఉంటుంది: 2 ఉంటే .325, 3 ఉంటే 3/8, 6 లేదా పి ఉంటే చిన్న మిషన్లకు వాడే లో-ప్రొఫైల్ 3/8.

లో-ప్రొఫైల్ 3/8కు ఎక్కువగా 4.0 మి.మీ. ఆకురాయి వాడతారు. షాపులో 5/32 అని అడగాలి. .325కు 4.8 మి.మీ., అంటే 3/16. మన దగ్గర విరివిగా అమ్ముడయ్యే 52, 58 సీసీ మిషన్లలో ఎక్కువ వాటికి పడేది ఇదే. పెద్ద 3/8కు స్టిల్ 5.2 మి.మీ. చెబుతుంది, ఓరెగాన్ 5.5 మి.మీ. చెబుతుంది. పన్ను సగం అరిగాక 5.5 వాడేవాళ్లు కూడా 5.2కు దిగడం మంచిది. పై రేకు వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలుతుంది, పన్ను పొట్టిదవుతుంది, లావు ఆకురాయి అందులో సరిగ్గా కూర్చోదు. .404 చెయిన్‌కు 5.5 మి.మీ. చెయిన్ అట్టపెట్టె మీద ఈ సైజూ, కోణమూ అచ్చువేసి ఉంటాయి. ఆ పెట్టె పారేయకుండా మిషన్‌తోనే ఉంచుకోండి.

మందం తర్వాత ఎత్తు. ఆకురాయి పన్నులో కూర్చున్నప్పుడు దాని మందంలో ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు పై రేకుకు పైన కనిపించాలి. 4.8 మి.మీ. ఆకురాయిలో అది దాదాపు ఒక మిల్లీమీటరు. ఇంతకంటే కిందికి జారితే పై రేకు అడుగున గుంట లోతై, అంచు కొక్కెంలా ముందుకు పొడుచుకొస్తుంది. మొదటి పది నిమిషాలు భలే కోస్తుంది. అంచు పల్చబడిపోయింది కాబట్టి ఆ తర్వాత ఒక్కసారిగా పోతుంది. గట్టి కర్రలో పన్ను పట్టేసి మిషన్ ఎగిరెగిరి పడుతుంది. ఇంతకంటే పైకి లేస్తే దీనికి తిరగబడి, పన్ను ముఖం వెనక్కి వాలిపోతుంది. చేత్తో తాకితే పదునుగానే అనిపిస్తుంది, కర్ర మీద పెడితే జారిపోతుంది. “ఇప్పుడే పదును పెట్టాం, కోయడం లేదు” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

పై రేకు కోణం మామూలుగా 30 డిగ్రీలు. ఎండు తుమ్మ, చింత లాంటి గట్టి కర్ర కోస్తున్నప్పుడు 25కు తగ్గిస్తే కోత కొంచెం నెమ్మదించినా అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. మొద్దును నిలువునా చీల్చి పలకలు తీసే చెయిన్‌కైతే 10 డిగ్రీలు చాలు. ఈ కోణంలో పట్టిన ఆకురాయి పైకీ కిందికీ వాలకుండా నేలకు సమంగా ఉండాలన్నది సాధారణ నియమం. పన్ను మూల గుండ్రంగా కాక కోసుగా ఉండే కొన్ని పదునుమూల చెయిన్లకు మాత్రం ఆకురాయి పిడిని 10 డిగ్రీలు కిందికి వంచమని తయారీదారే చెబుతాడు. పెట్టె మీద చెప్పకపోతే వంచకండి.

ఉత్తి చేత్తో

ఇందులో నాలుగు కొలతలూ మీ చేతివే. అందుకే ఇది అన్నిటికన్నా కష్టం. కానీ చెయ్యి కుదిరితే ఇంతకన్నా వేగమైనది లేదు. జేబులో ఒక ఆకురాయి, ఒక పిడి ఉంటే పని జరిగిపోతుంది.

మిషన్ ఆపి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేసి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. చెయిన్ మీది జిగురూ నూనే గుడ్డతో, కావాలంటే కాస్త కిరోసిన్‌తో తుడవండి. నూనె తగిలితే ఆకురాయి పళ్ళ మధ్య రజను కూరుకుపోయి జారుతుంది. బార్‌ను వైస్‌లో బిగించండి. పొలంలో వైస్ ఉండదు కాబట్టి మోడులో చిన్న కోత పెట్టి బార్‌ను అందులో దూర్చినా కదలకుండా నిలుస్తుంది. చెయిన్ టెన్షన్ మామూలుకన్నా కొద్దిగా ఎక్కించండి. వదులుగా ఉంటే పన్ను అటూ ఇటూ ఊగి కోణం మారిపోతుంది. ఆకురాయి పట్టేటప్పుడు చెయిన్ బ్రేక్ వేసి, చెయిన్ జరపాల్సి వచ్చినప్పుడు వదలండి.

పళ్ళలో అన్నిటికంటే పొట్టిదాన్ని, అంటే ఎక్కువ దెబ్బతిన్నదాన్ని వెతికి మార్కర్‌తో గుర్తు పెట్టండి. అక్కణ్ణించే మొదలు. మీరు నిలబడిన పక్క నుంచి అవతలి పక్క పళ్ళనే పట్టాలి. అప్పుడే ఆకురాయి లోపలి నుంచి బయటికి వెళుతుంది. ఒక చేయి పిడి మీద, ఇంకో చేతి బొటనవేలు, చూపుడువేలు ఆకురాయి కొన మీద ఉంచండి. నొక్కుడు ఎక్కువగా పన్ను ముఖం వైపు, కొంచెం పైకి ఉండాలి. కిందికి అసలు వద్దు, కొక్కెం తయారయ్యేది ఆ కిందికి నొక్కడం వల్లే. ఆకురాయి మొత్తం పొడవునా ఒకే తోపుగా తోసి, ఎత్తి వెనక్కి తెచ్చుకోండి. పన్నులోంచి వెనక్కి ఈడిస్తే ఆకురాయి మొద్దుబారుతుంది. రెండు మూడు తోపులకోసారి వేళ్ల మధ్య కొద్దిగా తిప్పితే చుట్టూ సమంగా అరుగుతుంది.

చప్పుడు వినడం నేర్చుకోవాలి. ఉక్కును కోస్తున్న ఆకురాయి సన్నగా, ఒకే తీరుగా బుసకొడుతుంది. జారిపోతున్న ఆకురాయి కీచుమంటుంది, లేదా అసలు చప్పుడే చేయదు. రోజువారీ పనిలో పన్నుకు మూడు తోపులు చాలు. 36 పళ్ళకు 108 తోపులు, అలవాటైన చేతికి పది నిమిషాల పని. పెట్రోలు నింపే ప్రతిసారీ ఈ మూడు తోపులూ పట్టేవాళ్లకు పెద్ద రిపేరు అవసరమే తక్కువ. రెండు రోజులు మొద్దు చెయిన్‌తో లాగించి మూడో రోజు పన్నుకు పదిహేను తోపులు పట్టేవాళ్ల చెయిన్ ముందే అయిపోతుంది.

అయిందో లేదో తేల్చేది కన్ను. పదునైన అంచు వెలుతురును తిప్పికొట్టదు, అక్కడ నల్లగా కనిపిస్తుంది. అంచు వెంబడి గానీ మూల దగ్గర గానీ సన్నని తెల్లటి మెరుపు గీత కనిపిస్తే ఇంకా మొద్దు మిగిలే ఉంది.

చేతి పద్ధతిలో అందరికీ వచ్చే లోపం ఒకటే. కుడిచేతి వాటం వాళ్లకు ఒక పక్క పళ్ళు తేలిగ్గా, రెండో పక్కవి ఇబ్బందిగా ఉంటాయి. తోపుల లెక్క ఒకటే అయినా నొక్కుడు మారి, నెల తిరిగేసరికి ఒక పక్క పళ్ళు పొడవుగా, ఒక పక్కవి పొట్టిగా తయారవుతాయి. కోణాలూ మారతాయి. కోత నిలువుగా దిగకుండా వంకర తిరుగుతుంది, లావు మొద్దులో బార్ ఇరుక్కుంటుంది. వెర్నియర్ కాలిపర్‌తో నెలకోసారి ఎడమ పన్నునొకదాన్ని, కుడి పన్నునొకదాన్ని కొలవండి. అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే పొడవైనవాటిని పొట్టివాటి సైజుకు తేవాలి.

గైడ్లు: ఏది పట్టి ఉంచుతుంది, ఏది వదిలేస్తుంది

అన్నిటికన్నా చవకైనది పలక గైడ్. ఆకురాయిని ఒక రేకుకు బిగించుకుంటాం. ఆ రేకు పన్ను మీద, రేకర్ మీద ఆని కూర్చుంటుంది. దాని మీద 30 డిగ్రీల గీతలుంటాయి, అవి బార్‌కు సమాంతరంగా ఉండేలా చూసుకుంటూ తోయాలి. ఎత్తును ఇది బాగా కాపాడుతుంది, కోణం సగం మీ కంటిది. పొడవునూ రేకర్‌నూ పట్టించుకోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది మంచి ఆరంభం, ఎందుకంటే చేతికి సరైన ఎత్తు ఎలా ఉంటుందో నేర్పుతుంది.

రోలర్ గైడ్ చెయిన్ మీద ఎక్కించి పెట్టే చిన్న చట్రం. రెండు జతల రోలర్ల మీద ఆకురాయి దొర్లుతుంది. ఎత్తు, కోణం రెండూ దానివే. ఇది పిచ్‌కొకటి ఉంటుంది, కాబట్టి .325 గైడ్‌ను 3/8 చెయిన్ మీద పెడితే ఎత్తు తప్పుతుంది. దాని మీది బాణం గుర్తు చెయిన్ తిరిగే దిశలో ఉండాలి. తొందరలో అది చెయిన్ మీద పూర్తిగా కూర్చోకుండా ఒక పక్క లేచి ఉంటే పట్టిన ప్రతి పన్నూ తప్పే. చాలా గైడ్లతో రేకర్ గేజ్ కూడా కలిపే ఇస్తారు, దాని సంగతి కింద చెప్తాను.

టూ-ఇన్-వన్ పనిముట్టులో రెండు గుండ్రటి ఆకురాళ్లు, వాటి మధ్య ఒక చదును ఆకురాయి ఉంటాయి. జర్మనీ ఆకురాళ్ల కంపెనీ ఫెర్డ్ తయారుచేసేది ఇది, స్టిల్ పేరు మీద కూడా వస్తుంది. గుండ్రటిది పన్నును పడుతుంటే చదునుది అదే తోపులో పక్కనున్న రేకర్‌ను దించుతుంది. ఎత్తు, రేకర్ రెండూ ఒకేసారి అయిపోతాయి. కోణం దాని చట్రం మీది గీతను బార్‌కు సమాంతరంగా ఉంచడంలోనే ఉంది. రోజూ పదును పెట్టే చెయిన్‌కు ఇది చాలా బాగా నప్పుతుంది. రాయి తగిలి పాడైన చెయిన్‌కు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. ఒక పన్నుకు పన్నెండు తోపులు, మిగతావాటికి మూడే పడితే రేకర్లు కూడా అదే తేడాలో పోతాయి. అలాంటప్పుడు ముందు ఉత్తి ఆకురాయితో పళ్ళన్నీ ఒక సైజుకు తెచ్చి, చివరి రెండు మూడు తోపులకే దీన్ని వాడండి. ఎడమ పళ్ళ నుంచి కుడి పళ్ళకు మారినప్పుడు పనిముట్టును తిప్పి పట్టడం మరిచిపోయేవాళ్లు కూడా ఉంటారు. అప్పుడు చదును ఆకురాయి రేకర్ మీద పడదు.

బార్‌కు బిగించే క్లాంప్ జిగ్ కోణాన్నీ ఎత్తునూ స్క్రూలతో పట్టి ఉంచుతుంది, పన్ను వెనక ఒక అడ్డుకర్ర లాంటి ఆపుడుతో పొడవునూ సమం చేస్తుంది. చేతి పద్ధతుల్లో పళ్ళ పొడవును నమ్మకంగా సమం చేసేది ఇదొక్కటే. బిగించి, సర్ది, ఒక్కో పన్నూ పట్టేసరికి అరగంట పైనే పడుతుంది. రోజూ దీనితో చేయడం కుదరదు. నెలకో రెండు నెలలకో ఒకసారి చెయిన్‌ను దారిలో పెట్టడానికి సరైనది.

చదరపు అంచున్న ఆకురాయితో పట్టే పద్ధతి ఒకటుంది. అమెరికా పశ్చిమ తీరంలో శుభ్రమైన మెత్తటి కలపలో వేగం కోసం వాడతారు. మట్టి, ఇసుక, గట్టి కర్ర కలిసిన మన పనిలో ఆ అంచు నిలవదు. కార్బైడ్ పళ్ళ చెయిన్లకైతే ఏ మామూలు ఆకురాయీ పనికిరాదు, వజ్రపు చక్రం కావాలి.

మోటారుతో పదును

12 వోల్టుల చేతి గ్రైండర్‌కు చిన్న గుండ్రటి రాయి బిగించి బ్యాటరీతో నడుపుతారు. తేలిక. కానీ రాయి అరుగుతూ పోతుంది. 4.8 మి.మీ. రాయి కొన్ని చెయిన్లు చూశాక 4.4 అయిపోతుంది, అది గుంటను కిందికి తవ్వి కొక్కెం తయారు చేస్తుంది. రాయిని కాలిపర్‌తో కొలిచి, సన్నబడగానే మార్చాలి.

షాపుల్లో ఉండే బెంచ్ గ్రైండర్ కోణం, పొడవు రెండూ ఖచ్చితంగా ఇస్తుంది. ఒక పక్క పళ్ళన్నీ ఒకే కొలతకు వస్తాయి. మేకు తగిలి పళ్ళు విరిగిన చెయిన్‌కు ఇదే దారి. .325కూ లో-ప్రొఫైల్ 3/8కూ 3.2 మి.మీ. మందం చక్రం, పెద్ద 3/8కు 4.8 మి.మీ. చక్రం వాడాలి. చక్రం అంచును డ్రెస్సింగ్ రాయితో గుండ్రంగా దిద్దుతూ ఉండాలి. లేకపోతే గుంట చదరంగా వస్తుంది.

దీని అసలు ప్రమాదం వేడి. చక్రాన్ని పన్నుకు అదిమిపెట్టి ఒక్కసారిగా లాగేస్తే క్షణంలో ఉక్కు ఎర్రబడి నీలం తిరుగుతుంది. ఆ మచ్చ ఉన్నచోట ఉక్కు గుణం మారిపోతుంది. కొన్ని పళ్ళు మెత్తబడి గంటలో మొద్దుబారతాయి. కొన్ని చల్లారాక గాజులా గట్టిపడి, తర్వాత మీరు ఆకురాయి పెడితే కీచుమని జారుతుంది. షాపు నుంచి తెచ్చిన చెయిన్‌ను పొలంలో ఆకురాయి పట్టలేకపోతున్నామంటే ఆకురాయిని అనుమానించే ముందు పళ్ళ మీద నీలం మచ్చ ఉందేమో చూడండి. తాకించి వదలడం, మళ్లీ తాకించి వదలడం, ఇదే సరైన తీరు. ఎక్కువ తీయాల్సి వస్తే చెయిన్ మొత్తం ఒక చుట్టు తిప్పి, రెండో చుట్టులో మిగతాది తీయాలి. షాపతన్ని మొహమాటపడకుండా అడగండి. రెండు నిమిషాల్లో 36 పళ్ళు పూర్తి చేసి ఇచ్చే చోట చెయిన్ ఇవ్వకండి.

రేకర్: అందరూ మరిచిపోయేది

పళ్ళకు అద్దంలా పదును పెట్టి కూడా పిండే రాలుతుంటే రేకర్ చూడాలి. పై రేకు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, పన్ను అరిగేకొద్దీ దాని అంచు కిందికి దిగుతుంది. రేకర్ అక్కడే ఉంటుంది. చివరికి రేకరే కర్రను తాకుతుంది, పన్ను అందదు.

కొత్త .325, 3/8 చెయిన్లకు రేకర్ పన్ను అంచుకంటే 0.65 మి.మీ. కింద ఉండాలి. .404కు 0.8. మూడు నాలుగు పదునులకోసారి గేజ్ పెట్టి చూసి, పైకి పొడుచుకొచ్చినంత మేర చదును ఆకురాయితో తీసేయాలి. ఎప్పుడూ పళ్ళు ముందు, రేకర్లు తర్వాత. తీశాక రేకర్ ముందు మూలను మళ్లీ గుండ్రంగా దిద్దండి. చదరంగా వదిలేస్తే అది కర్రను గుద్దుతూ పోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఉంది. 0.65 అనేది కొత్త పన్ను లెక్క. పన్ను కర్రలోకి ఎంత వాలుగా దిగుతుందో చూడాలంటే లోతు ఒక్కటే చాలదు, రేకర్ నుంచి అంచుకు ఉన్న దూరం కూడా చూడాలి. ఉదాహరణకు ఆ దూరం 6.5 మి.మీ., లోతు 0.65 అనుకుంటే పదికి ఒకటి వాలు, అంటే దాదాపు 6 డిగ్రీలు. పన్ను అరిగి అంచు వెనక్కి పోయి ఆ దూరం 9 మి.మీ. అయింది. గేజ్ ఇప్పటికీ 0.65 చాలంటుంది. కానీ వాలు 4 డిగ్రీలకు పడిపోయింది. పన్ను జారుతుంది, పిండి రాలుతుంది. మునుపటి వాలు కావాలంటే 0.9 లోతు ఉండాలి. సగం అరిగిన చెయిన్‌ను “ఇది ఎంత పట్టినా కోయదు” అని పారేయడానికి కారణం చాలాసార్లు ఇదే. అందులో ఇంకా సగం జీవితం ఉంటుంది.

అందుకే గేజ్‌లు రెండు రకాలు. పళ్ళ తలల మీద ఆని కూర్చునే పొడవు పలక ఎప్పుడూ ఒకే లోతు ఇస్తుంది. టూ-ఇన్-వన్ కూడా ఈ కోవదే. రెండో రకం ఒక కొన పన్ను మీద, ఇంకో కొన కింది లింకు మీద ఆనుతుంది, దాని సందులోంచి రేకర్ తల బయటికి వస్తుంది. పన్ను పొట్టిదయ్యేకొద్దీ ఇది తనంతట తానే వాలి, లోతు పెంచుతూ పోతుంది. హస్క్‌వర్నా కంపెనీ గేజ్‌ల మీద హార్డ్, సాఫ్ట్ అని రెండు సందులుంటాయి. తుమ్మ, చింత, వేపకు హార్డ్. మెత్తటి కలపకు సాఫ్ట్. మన కర్రలకు ఎక్కువగా హార్డ్ వైపే సరిపోతుంది.

తొందరగా కోస్తుందని రేకర్లను ఇష్టం వచ్చినట్టు దించకండి. పన్ను మోయగలిగినదానికంటే మందం పేడు ఎత్తబోయి మిషన్ ఆగుతుంది, చేతులు అదురుతాయి. బార్ ముక్కు దేనికైనా తగిలితే కిక్‌బ్యాక్‌లో బార్ ఎగిరి ముఖం మీదికి వస్తుంది. 40 సీసీ లోపు చిన్న మిషన్లకు ఈ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పొరపాటున ఒక రేకర్ ఎక్కువ దిగితే దాని పన్ను అరిగి సమమయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

పదును ఎక్కడ పోతోంది

సుబాబుల్, జామాయిల్ తోటల్లో మోడు నుంచి మళ్లీ పిలకలు రావాలని నేలకు జానెడు లోపే కోస్తారు. సరిగ్గా అక్కడే బెరడు మీద వానకు ఎగిరిన మట్టీ ఇసుకా అంటుకుని ఉంటుంది. తిరిగే చెయిన్ ఒక్క సెకను నేలకు తగిలితే చాలు, 36 పళ్ళ మూలలూ గుండ్రబడతాయి. కోసేచోట చుట్టూ కత్తితో బెరడు గీకి మొదలుపెట్టడానికి అర నిమిషం పడుతుంది, పది నిమిషాల ఆకురాయి పని తప్పుతుంది. కొబ్బరి, తాటి మొద్దుల్లో ఇసుక బయట లేకపోయినా లోపలే సిలికా ఉంటుంది, పైగా అంచు గట్టిగా, మధ్య పీచుగా ఉంటాయి. అక్కడ పదును ఎంత పెట్టినా త్వరగానే పోతుంది, ముందే సిద్ధపడాలి. ఇలాంటి పనులకు పదునుమూల ఫుల్ చిజెల్ చెయిన్‌కంటే గుండ్రమూల సెమీ చిజెల్ చెయిన్ మేలు. కొత్తలో కాస్త నెమ్మది, కానీ మట్టిలో ఎక్కువసేపు తట్టుకుంటుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను పడగొట్టినప్పటిలాంటి పనుల్లో పరిస్థితి ఇంకా కష్టం. రోడ్డు మీద పడ్డ చెట్టులో మేకులు, కరెంటు తీగలు, కంచె ముళ్లు, ఇసుక అన్నీ ఉంటాయి. అక్కడ కూర్చుని ఆకురాయి పట్టే తీరిక దొరకదు. ముందురోజు రాత్రే మూడు నాలుగు చెయిన్లకు పదును పెట్టుకుని, మొద్దుబారింది విప్పి కొత్తది ఎక్కిస్తూ పోవాలి. అన్నీ సాయంత్రం ఒక్కసారి కూర్చుని పట్టుకోవచ్చు.

మేకు తగిలిన పన్నులో అంచు వెనక దాకా క్రోమియం ఎగిరిపోయి ఉంటుంది. ఆ చెదిరిన భాగం మొత్తం పోయేదాకా ఆకురాయి పట్టాల్సిందే. ముందు భాగం మెరుస్తోందని అక్కడే ఆపితే పూత లేని మెత్తటి ఉక్కు అంచు మిగిలి, నాలుగు కోతలకే పోతుంది.

కోత వంకర పోతుంటే చెయిన్‌దే తప్పని తీర్మానించకండి. బార్‌ను తిరగేసి మళ్లీ కోసి చూడండి. వంకర రెండో పక్కకు మారితే బార్ పట్టాల్లో ఒకటి అరిగిపోయింది, ఆకురాయితో పని లేదు. వంకర అటే ఉంటే పళ్ళూ రేకర్లూ కొలవండి.

ఆకురాయికీ ఆయుష్షు ఉంటుంది. వైర్ బ్రష్‌తో రజను దులిపి, సుద్ద రుద్ది వాడితే పళ్ళలో ఇనుప రజను ఇరుక్కోదు. స్పానర్ల మధ్య పడేస్తే పళ్ళు విరుగుతాయి, గుడ్డలో చుట్టి పెట్టండి. ఒక చోట మెరుపు తిరిగి, చప్పుడు మారితే మార్చేయండి. మొద్దు ఆకురాయితో గట్టిగా నొక్కినప్పుడే చెయ్యి కోణం తప్పుతుంది.

పన్ను పై రేకు మీద వాలుగా ఒక సన్నని గీత ఉంటుంది. అది తయారీదారు పెట్టిన హద్దు, కోణం చూసుకోవడానికీ పనికొస్తుంది. పట్టుకుంటూ పోయి అంచు ఆ గీతను చేరినా, గీత లేని చెయిన్‌లో పై రేకు పొడవు 4 మి.మీ.కు తగ్గినా ఇక వాడకూడదు. అక్కణ్ణించి పన్ను విరిగి ఎగిరే ప్రమాదం ఉంది. కొత్త చెయిన్ ఎక్కించే ముందు స్ప్రాకెట్ పళ్ళను వేలితో తడమండి. లోతుగా గాడి పడి ఉంటే అదీ మార్చాలి. రెండు చెయిన్లకు ఒక స్ప్రాకెట్ అన్నది మామూలు లెక్క. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చెయిన్ వేస్తే దాని పిచ్ కూడా సాగిపోయి, పళ్ళు కొత్తగా ఉండగానే చెయిన్ పాతబడిపోతుంది.